మరక పడని చొక్కా

ఆ రోజుల్లో కార్లకి వెనకాల కళ్ళుండేవి కావు. ఇప్పుడంటే రివర్సు గేరు వెయ్యగానే ముందున్న తెర మీద వెనక పడుకున్న కుక్కతో సహా కనిపిస్తుంది, గోడ దగ్గరకొస్తే బండే కుయ్యోమని ఏడుస్తుంది గానీ, పదకొండేళ్ళ కిందట మా బంధువర్గంలో ఉన్న నాలుగు పాత కార్లకీ వెనక కన్నంటే మనిషే. బండి వెనక్కి తియ్యాలంటే లోపలున్నవాళ్ళలో ఎవడికి ఏ పనీ రాదో వాడు దిగి, వెనకాల నిలబడి, అరచెయ్యి తనవైపు ఊపుకుంటూ "రానీ, రానీ, రానీ... చాల్" అనాలి. ఆ ఉద్యోగానికి చదువక్కర్లేదు, లైసెన్సక్కర్లేదు. నోరుంటే చాలు. మా ఇళ్ళల్లో ఏ శుభకార్యానికెళ్ళినా ఆ ఉద్యోగం నాదే. ఆ ఒక్క నోరూ అవసరమైన క్షణంలో నా దగ్గర ఖాళీగా లేకపోవడం గురించి ఇప్పుడు చెప్పబోతున్నాను. నవ్వొస్తే నవ్వండి. నాకు మాత్రం చాలాకాలం నవ్వు రాలేదు.

ముందు మావయ్య గురించి చెప్పాలి. మా అమ్మకి అన్నగారు. విజయనగరం నుంచి శృంగవరపుకోట వెళ్ళే బస్సు ముప్పై ఏళ్ళు తోలేడు కాబట్టి మాకు డ్రైవరు మావయ్య. బస్సు దిగిపోయేక (రిటైరయ్యేను అనేవాడు కాదు, దిగిపోయేను అనేవాడు) ఒక పాత తెల్ల కారు కొనుక్కున్నాడు. నెల్లిమర్లలో ఇంటి ముందు దాన్ని పెట్టుకుని, రోజూ పొద్దున్నే తన ఒళ్ళు కన్నా ముందు దాని ఒళ్ళు తుడిచేవాడు. ప్రతి గురువారం ఏ పనీ లేకపోయినా కోట దాకా వెళ్ళి, తన బస్సు ఆగే చోటల్లా కాసేపు ఆగి, ఎవరైనా నిలబడి ఉంటే ఎక్కించుకుని, అక్కడో హోటల్లో టీ తాగి తిరిగొచ్చేవాడు. "ఏటి మావయ్యా, ఊరికే అంత దూరం" అంటే, "ఊరికే కాదురా. ఎవులో ఒకలు నిలబడుంటారు కదా" అనేవాడు. అంతకన్నా వివరంగా చెప్పడం ఆయనకి రాదు.

ఆయన బండి వెనక్కి తీసేటప్పుడు అద్దాల్లోకి చూసేవాడు కాదు. తల కూడా తిప్పేవాడు కాదు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని, ఎదురుగా గోడని చూస్తూ, వెనక నుంచి వచ్చే మాటని బట్టి తీసేవాడు. మా అత్త భయపడి "ఓసారి అద్దంలో సూడండి" అంటే, "ఎనకాల మనిషి రమ్మంటన్నాడు. ఇంకా అద్దం సూసేనంటే ఆడి మీద నాకు నమ్మకం లేదనే కదేటి" అనేవాడు. ముప్పై ఏళ్ళూ కండక్టరు ఈల మీద బస్సుని స్టాండుల్లోకి పెట్టి, స్టాండుల్లోంచి తీసిన మనిషి. వెనకాల ఉన్నవాడు తప్పు చెప్పొచ్చన్న ఆలోచన ఆయన బుర్రలో లేదు. కండక్టర్ల తర్వాత ఆ స్థానంలోకి నేనొచ్చేను. ఎలాంటివాణ్ణో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

మావయ్య కొడుకు, మా మేష్టారు బావ, బళ్ళో లెక్కలు చెప్తాడు. ప్రపంచంలో ఏదైనా సరే నిరూపించాలంటాడు. తండ్రికి కళ్ళు ఆనటం లేదని, కారు మాన్పించాలని ఆయన పట్టు. దానికి నిదర్శనంగా, ఉప్పు డబ్బాలోంచి పంచదార అనుకుని టీలో వేసుకోవడం, పేపరు దూరంగా పెట్టుకుని చదవడం లాంటివి వేలు మడిచి లెక్క చెప్పేవాడు. ఓ ఆదివారం భోజనాల దగ్గర ఈ లెక్క మరీ ఎక్కువై, మావయ్య కంచం ముందు నుంచి లెగిసిపోయేడు. చెయ్యి కడుక్కొచ్చి, మా అందరి ముందూ నిలబడి చెప్పేడు. "ఒరే, నా తప్పు వల్ల నా బండికి గానీ, ఇంకోడి బండికి గానీ ఒక్క సొట్ట పడిననాడు తాళాలు నీ సేతిలో పెట్టీస్తాను. మళ్ళీ అడగను. అంతవరకూ నువ్వు నోరెత్తకు." బావ సరే అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇళ్ళల్లో అందరం ఆ కారు కేసి, ఎప్పుడు సొట్ట పడుతుందా అని చూసేవాళ్ళం. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయినా చూసేవాళ్ళం.

ఇక నా సంగతి. డిగ్రీ అయ్యేక రెండేళ్ళు ఊరికే ఉండి, అప్పుడే విజయనగరంలో ఒక సర్వేయరుగారి దగ్గర చేరేను. పొలాల సర్వేయరు కాదు. కార్లు గుద్దుకుంటే బీమా కంపెనీ పంపిస్తుందే, వెళ్ళి సొట్ట ఎంత లోతు, ఎటు నుంచి తగిలింది, ఎవరిది తప్పు అని చూసి రాస్తాడే, ఆ సర్వేయరు. ఆయన వెనకాల టేపు పట్టుకుని, ఫొటోలు తీసి, చెమట తుడుచుకోవడం నా పని. చేరి మూడు నెలలే అయినా నేను అప్పటికే పెద్ద నిపుణుణ్ణని నా అభిప్రాయం. ఆరు అడుగుల స్టీలు టేపు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండేది. పెళ్ళిళ్ళకి కూడా. ఎవరైనా "ఏం చేస్తున్నావు బాబూ" అనగానే ఆ టేపు బయటికి లాగి, టక్కున వదిలేవాణ్ణి. ఆ చప్పుడు నాకు చాలా ఇష్టం.

మొదటి నెల జీతంతో ఒక తెల్ల చొక్కా కొన్నాను. ఆ చొక్కా గురించి కూడా మీకు తెలియాలి. అంతకుముందు నేను వేసుకున్నవన్నీ మా బావ వదిలేసినవి. సొంతంగా, కొత్తగా, నా కొలతకి కొనుక్కున్నది అదే మొదలు. మల్లెపువ్వులాంటి తెలుపు. దాన్ని ఇంట్లో తొడిగి చూసుకునేటప్పుడు కూడా ఎక్కడా ఆనుకునేవాణ్ణి కాదు. కుర్చీలో కూర్చునే ముందు కుర్చీని చేతి రుమాలుతో తుడిచేవాణ్ణి. (ఇదంతా చూసి మా అమ్మ "ఈడికి సొక్కా కొన్నారా, సొక్కాకి ఈణ్ణి కొన్నారా" అంది.)

ఆ చొక్కా మొదటిసారి బయటికి వచ్చింది బొబ్బిలిలో మా పిన్ని మనవరాలి బారసాలకి. మావయ్య, అత్త, బావ, నేను తెల్ల కారులో వెళ్ళేం. ఊరి చివర కొత్తగా కట్టిన ఫంక్షన్ హాలు. వెనకాల కంకర పోసిన ఖాళీ జాగాలో బళ్ళు పెట్టుకోవడం. గోడవైపు ముక్కు పెట్టి ఒక వరస, ఎదుటి గోడవైపు ముక్కు పెట్టి ఇంకో వరస, మధ్యలో దారి. అంటే రెండు వరసల బళ్ళూ వీపులు చూపించుకుంటూ నిలబడతాయి. ఎవరు బయటికి రావాలన్నా వెనక్కే రావాలి. ఇప్పుడైతే అలాంటి చోటు చూడగానే ముందు వెనకాల ఎవరున్నారో చూస్తాను. ఆ రోజు మాత్రం చొక్కాకి దుమ్మంటుతుందేమోనన్న బెంగ తప్ప ఇంకేమీ లేదు.

భోజనాలు బాగున్నాయి. పనసపొట్టు కూర, ఆవ పెట్టిన పులిహోర, గుమ్మడికాయ దప్పళం. చొక్కా మీద తువ్వాలు కప్పుకుని తిన్నాను. చేతులు కడుక్కునే చోట ఒకాయన పళ్ళెం నిండా కిళ్ళీలు పెట్టుకుని కూర్చున్నాడు. మీఠా కిళ్ళీ, కొబ్బరి కోరు, టూటీ ఫ్రూటీ, ఎర్రటి పాకం, మీద లవంగం గుచ్చి, అరచెయ్యంత సైజు. దాన్ని రెండు ముక్కలు చేసుకుని తినాలి, మనిషన్నవాడు. నేను మొత్తం ఒకేసారి నోట్లో కుక్కుకున్నాను. సరిగ్గా అప్పుడే మావయ్య బండి దగ్గర నుంచి "ఒరే సిన్నోడా, ఎనకాల నిలబడు, బేగి ఎల్లిపోదాం" అని కేకేసేడు. బుగ్గలు రెండూ ఉబ్బించుకుని, చేతిలో తాంబూలం సంచీతో వెళ్ళి నిలబడ్డాను. అత్తా బావా ఇంకా మెట్ల దగ్గర పిన్నితో మాట్లాడుతున్నారు.

మావయ్య బండి స్టార్టు చేసేడు. నేను "మ్మ్, మ్మ్, మ్మ్" అన్నాను. రానీ అని అర్థం. ఆయన ఎదుటి గోడని చూస్తూ మెల్లిగా వెనక్కి తీస్తున్నాడు. ఆ సమయంలో నా వెనకాల, అవతలి వరసలోంచి, ఒక పెద్ద ఎర్ర కారు కూడా వెనక్కి కదిలింది. కొత్తది. అద్దాల మీద స్టిక్కర్లు కూడా తియ్యలేదు. నేను పక్కకి తప్పుకున్నాను. అంతవరకూ బుర్ర బాగానే పనిచేసింది. రెండు బళ్ళ మధ్యా ఇంకా ఆరేడు అడుగులుంది. "ఆపు" అంటే చాలు. రెండే అక్షరాలు. కానీ నోరు తెరిస్తే ఆ ఎర్రటి పాకమంతా ఎక్కడికొస్తుందో మీరు ఊహించుకోగలరు. నేనూ ఊహించుకున్నాను. ఊహించుకుని, తల పైకెత్తి, పెదాలు బిగించి, ఖాళీగా ఉన్న చేతిని చొక్కా మీద అడ్డం పెట్టుకున్నాను. ఆ చేత్తో డిక్కీ మీద ఒక్క దెబ్బ కొట్టినా మావయ్య ఆగేవాడు. చొక్కా మీద పెట్టుకున్నాను.

ఫట్‌మని చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. తెల్ల కారు వెనక దీపం పగిలింది, బంపరు నొక్కుకుపోయింది. ఎర్ర కారు డిక్కీ తలుపు మీద కంచం పట్టేంత సొట్ట. ఆ అదురుకి నేను కిళ్ళీ మొత్తం, లవంగంతో సహా, మింగేశాను. దగ్గు, కళ్ళమ్మట నీళ్ళు. అలా సాక్ష్యం కూడా నా కడుపులోకి వెళ్ళిపోయింది.

ఎర్ర కారులోంచి దిగినాయన బాగా లావు, మెడలో గొలుసు. కళింగపట్నం వైపు సముద్రం మీద వేట చేసిన కుటుంబమట, ఇప్పుడు రొయ్యల వ్యాపారం. రొయ్యలాయన అందాం. దిగుతూనే సొట్ట మీద చెయ్యి పెట్టి, జ్వరం చూసినట్టు చూసి, "ఏటి పెద్దాయనా, ఎనకాల సూసుకోవా. పది రోజులవలేదు బండి కొని. నాను ముందు కదిలేను. నువ్వొచ్చి గుద్దీసేవు" అన్నాడు. మావయ్య దిగి, రెండు బళ్ళ మధ్య నిలబడి, "నానే ముందు కదిలేను బాబూ. నా ఎనకాల మనిషున్నాడు. నీ ఎనకాల ఎవులున్నారు?" అన్నాడు. అప్పటికే చేతులు కడుక్కుంటున్నవాళ్ళు, ఇంకా కడుక్కోనివాళ్ళు, ఎంగిలి చేతులు గాల్లో పట్టుకుని అందరూ వచ్చి చుట్టూ చేరిపోయేరు. భోజనం తర్వాత మనవాళ్ళకి ఇంతకన్నా మంచి కాలక్షేపం లేదు. ఎర్ర కారుదే తప్పని కొందరు, పెద్దది కాబట్టి. తెల్ల కారుదే తప్పని కొందరు, పాతది కాబట్టి. వంటాయన అట్లకాడతో వచ్చి, ఇద్దరిదీ కాదు, ఆ రోజు వర్జ్యం ఉందన్నాడు.

మా పిన్ని మొగుడు ఊరుకోవచ్చు కదా. "ఎందుకండీ గొడవ, మన కుర్రాడు సర్వే ఆఫీసులోనే పనిచేస్తున్నాడు. ఎవరి తప్పో తేల్చడమే ఈడి ఉద్యోగం" అన్నాడు. అందరూ నావైపు తిరిగేరు. రొయ్యలాయన కూడా కొంచెం మెత్తబడి, "అలాగేటి, అయితే నువ్వే సెప్పు బాబూ. సదూకున్నోడివి, నీ మాటకి నాను కట్టుబడతాను" అన్నాడు. ఆ క్షణంలో నేను ఏం చెయ్యాలో ఈ పదకొండేళ్ళలో కొన్ని వందల సార్లు ఆలోచించుకున్నాను. "తప్పు నాది, నోట్లో కిళ్ళీ ఉంది" అనాలి. జనం నవ్వుతారు. నవ్వితే ఏమవుతుంది? అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ వయసులో జనం నవ్వితే చచ్చిపోతామని గట్టి నమ్మకం. జేబులోంచి టేపు తీసి టక్కున లాగేను.

ఆ తర్వాత జరిగినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. టైర్ల గుర్తులు పెట్టుకోవాలి, సుద్దముక్క కావాలన్నాను. బావ జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది, ఇచ్చేడు. కంకర మీద సుద్ద రాయదు. హాలు గుమ్మం దగ్గర ముగ్గు వేసి మిగిలిన పిండి ఉందని వాచ్‌మేన్ డబ్బా తెచ్చేడు. నేను చొక్కా చేతులు జాగ్రత్తగా మడిచి, గొంతుక్కూర్చుని, రెండు కార్ల చుట్టూ ముగ్గు పెట్టేను. నా గీత వంకర పోతుంటే, మా అత్త "అలాక్కాదురా, సిటికిన ఏలు కిందికి ఒంచి ఒదులు" అని పక్కన కూర్చుని సరిచేసింది. తన మొగుడి తాళాలు పోయే గీతని తనే తిన్నగా దిద్దింది పాపం. కొలతలు కొలిచేను. తాకిడి కోణం అన్నాను. మా గురువుగారి మాటలన్నీ వాడేశాను. జనం నిశ్శబ్దంగా వింటున్నారు. నాకు కొంచెం గర్వం కూడా వేసిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అప్పుడు మేష్టారు బావ ఒకే ఒక్క ప్రశ్న అడిగేడు. లెక్కల మేష్టారు కదా, మిగతావాళ్ళందరూ టేపు చూస్తుంటే ఆయన నన్ను చూస్తున్నాడు. "ఇవన్నీ సరేరా. నువ్వు వెనకాలే ఉన్నావు కదా. ఆపమని చెప్పలేదా?"

"చెప్పేను" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. ఇందాక రావలసిన మాట రాలేదు గానీ, ఇది మాత్రం దర్జాగా వచ్చింది. అంతటితో ఆగేనా? అబద్ధం ఒంటరిగా నిలబడలేక ఊగుతుంటే దానికి ఇంకో కర్ర పోటు పెట్టేను. "గట్టిగానే చెప్పేను. మావయ్యకి వినబళ్ళేదేమో."

జనంలోంచి "అదీ సంగతి" అన్న నిట్టూర్పు ఒకటి వచ్చింది. అందరికీ సమాధానం దొరికినట్టయింది. పెద్దవాడు, చెవులు వినబళ్ళేదు. కళ్ళ కేసు కాస్తా చెవుల కేసు కూడా అయింది. మావయ్య నావైపు చూసేడు. కోపం లేదు. ఎవరో దారి అడిగితే ఆలోచించుకుంటున్న మనిషిలా ఉన్నాడు. "సెప్పేవేటి?" అన్నాడు మెల్లిగా. నేను టేపు చుట్టుకుంటూ తలూపేను.

వాచ్‌మేన్ అప్పుడు ఆ మాటన్నాడు. "బాబూ, ఇంత ముగ్గు దేనికి, అదిగో కేమెరా ఉన్నాది. ఆఫీసు గదిలో టీవీలో అన్నీ పడతాయి." తలెత్తి చూస్తే స్తంభం మీద తెల్లగా, బోర్లించిన గిన్నెలా, సరిగ్గా నా నెత్తి మీదే ఉంది. పదండి చూద్దాం అని రొయ్యలాయన బయల్దేరబోతే, మావయ్య చెయ్యి అడ్డం పెట్టేడు. "తేలవలసింది నా తప్పు. నాను సూసొస్తాను. ఒక్కడితో పోయే పనికి పదిమందెందుకు?" రొయ్యలాయన ఆ ముఖం చూసి ఏమనుకున్నాడో ఆగిపోయేడు. మావయ్య వాచ్‌మేన్ వెనకాల ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

పది నిమిషాలు పట్టి ఉంటుంది. నేను మనసులో మొక్కని దేవుడు లేడు. ఆ కేమెరా పాడైపోయి ఉండాలని, కరెంటు పోయి ఉండాలని, పావురం రెట్ట వేసి ఉండాలని మొక్కేను. మావయ్య బయటికొచ్చేడు. వాచ్‌మేన్ ఆయన వెనకాల నేల చూపులు చూస్తూ వచ్చేడు. మావయ్య మెట్లు దిగి, కండువాతో ముఖం తుడుచుకుని, "కేమెరా పన్జేయట్లేదు. అంతా పురుగుల్లాగ ఉన్నాది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆయన జేబులోంచి తాళాలు తీసేడు. "సిన్నోడు సెప్పేడట. నాకే ఇనబళ్ళేదు. తప్పు నాదే" అని బావ చేతిలో పెట్టేడు. అంత దాకా పోట్లాడిన రొయ్యలాయనే, "అదేటి పెద్దాయనా, నాదీ ఉన్నాది తప్పు. నానూ ఎనక్కి సూళ్ళేదు. దీపం పగిలితే దీపం ఏసుకుంటాం గానీ తాళాలిచ్చీడమేటి" అని బతిమాలేడు. మావయ్య నవ్వేడు. బావకి కూడా ఆ తాళాలు ఎలా పట్టుకోవాలో తెలీలేదు. గెలిచిన లెక్క చూసి ఆయన అంత బాధపడటం నేను అదే మొదటిసారి చూడటం. బొబ్బిలి నుంచి నెల్లిమర్ల దాకా బావ నడిపేడు. మావయ్య ఆయన పక్కన కూర్చుని దారంతా లేని బ్రేకు కాలితో తొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత సంగతులు చెప్పడానికి నాకు మనసు రాదు గానీ సగంలో ఆపితే బాగుండదు. బావ మంచివాడు. తండ్రిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేడు. ఒక కంట్లో చిన్న పొర ఉందంటే తీయించేడు. ఆపరేషన్ తర్వాత డాక్టరు, ఇంకేం, నిక్షేపంగా బండి నడుపుకోవచ్చన్నాడు. బావ ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టేడు. మావయ్య ముట్టుకోలేదు. "మాటంటే మాటేరా. ఇచ్చీసేను కదా" అన్నాడు. నా పుణ్యమా అని చెవులకి కూడా పరీక్ష జరిగింది. వయసుకి కొంచెం తగ్గిందంటే అదే చాలని మిషను ఒకటి కొని పెట్టేరు. ఆ మిషను ఆయన ఏళ్ళ తరబడి చెవిలో పెట్టుకున్నాడు. నేను వెళ్ళినప్పుడు మాత్రం తీసి జేబులో వేసుకునేవాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. అది లేకుండా కూడా నా మాట శుభ్రంగా వినబడేది ఆయనకి.

గురువారాలు ఆయన కారు మీద కప్పిన పట్టా తీసి, తుడిచి, మళ్ళీ కప్పి, దాని పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. నిజం చెప్పేద్దామని నేను మూడుసార్లు నెల్లిమర్ల వెళ్ళేను. మొదటిసారి అత్త దిబ్బరొట్టె పెట్టింది, తిని వచ్చేశాను. రెండోసారి చుట్టాలున్నారు. మూడోసారి ఎవరూ లేరు, ఆయనొక్కడే స్టూలు మీద ఉన్నాడు. ఎదురుగా నిలబడి, గొంతు సవరించుకుని, "మావయ్యా, ఈ మధ్య ఎండలు ఎక్కువగా ఉన్నాయి" అన్నాను. ఔనన్నాడు ఆయన. కొన్నాళ్ళకి బావ ఆ కారు అమ్మేశాడు. కొన్నాయన తీసుకెళ్ళేటప్పుడు వెనకాల నిలబడి "రానీ, రానీ" అన్నది మావయ్యే.

ఆరేళ్ళు గడిచేయి. నేను పరీక్ష రాసి సొంతంగా సర్వేయరునయ్యేను. కారు కొనుక్కున్నాను, వెనక కేమెరా ఉన్నది. మళ్ళీ అదే బొబ్బిలి, అదే హాలు, ఈసారి పిన్ని వాళ్ళ షష్టిపూర్తి. మావయ్యని నా కారులోనే తీసుకెళ్ళేను. భోజనాలయ్యేక అదే పళ్ళెం, అవే కిళ్ళీలు. అలవాటుగా ఒకటి తీసుకుని నోటి దాకా తెచ్చేను. మావయ్య పక్క నుంచి చెయ్యి చాపి, దాన్ని నా వేళ్ళ మధ్య నుంచి తీసుకుని, పేపరు ముక్కలో చుట్టి, తన జేబులో పెట్టుకున్నాడు. "ముందు బండి తియ్యి. తర్వాత నములుదువు గానీ" అన్నాడు. నా ఒంటి కేసి చూసి, "ఈ పాలి కూడా తెల్ల సొక్కాయే ఏసేవు" అన్నాడు.

నేను అక్కడే, కంకర మీద, నిలబడిపోయేను. "కేమెరా పన్జేసిందా మావయ్యా" అన్నాను.

"పన్జేసింది. రెండుసార్లు సూసేను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోపాలి నవ్వొచ్చింది. ఆ సెయ్యి సొక్కా మీద ఎలగ పెట్టుకున్నావురా, సంటిపిల్లని ఎత్తుకున్నట్టు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అందరి ముందూ సెప్పేనని అనీసేవు కదా. ఎవుడిది తప్పో తేల్చే ఉద్యోగంలో కొత్తగా ఎక్కేవు. మొదట్లోనే అబద్ధాలోడని పేరు పడిపోతే ఇంక నీ మాట ఎవుడు నమ్ముతాడు? నాదేటి, నాను అప్పటికే దిగిపోయినోణ్ణి."

నాకు ఏడుపొచ్చింది. నలుగురిలో, ముప్పై ఏళ్ళవాణ్ణి, టేపు జేబులో పెట్టుకుని ఏడ్చేను. "క్షమించు మావయ్యా" అన్నాను. ఆయన విననట్టు కారు వెనక్కి నడిచేడు. "ఎక్కు, ఎక్కు. ఎండగా ఉన్నాది" అన్నాడు. నేను ఎక్కి రివర్సు గేరు వేసేను. తెర మీద ఆయన కనిపించేడు, తెల్ల పంచె, ఎత్తిన అరచెయ్యి. నేను తెర మీద నుంచి కళ్ళు తిప్పేసుకున్నాను. అద్దాలు కూడా చూడలేదు. ఎదురుగా గోడని చూస్తూ, "రానీ, రానీ, రానీ" అన్న మాటని బట్టి వెనక్కి తీసేను. "చాల్" అనగానే ఆపేను. దిగి చూస్తే వెనకున్న బండికీ నా బండికీ మధ్య సరిగ్గా మూరెడు జాగా ఉంది.

మావయ్య పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఎక్కడైనా వెనక్కి తీస్తూ గుద్దుకున్న కేసు వస్తే, అన్ని కొలతలూ అయ్యేక నేను ఒక ప్రశ్న అడుగుతాను, ఆ టైములో వెనకాల ఎవరైనా నిలబడ్డారా అని. మా ఫారంలో ఆ గడి లేదు. జనం, ఈయనకి కొంచెం చాదస్తం అనుకుంటారు. అనుకోనీండి. ఒక్కోసారి ఆ గుంపులో వెనక్కి తగ్గి నిలబడ్డవాడు ఒకడుంటాడు, నేల చూస్తూ. వాణ్ణి నేను ఇంకేమీ అడగను.

ఆ తెల్ల చొక్కా ఇంకా మా బీరువాలో ఉంది. ఆ బారసాల తర్వాత మళ్ళీ వేసుకోలేదు, పారెయ్యనూ లేదు. మొన్న మా ఆవిడ బీరువా సర్దుతూ, ఇంత మంచి చొక్కా ఎందుకు వేసుకోవని అడిగితే బయటికి తీసి వెలుగులో పెట్టి చూసేను. ఎక్కడా చిన్న మరక లేదు. సరే, వేసుకుందామని తొడుక్కున్నాను. పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు.